కొయ్య పాదానికి వయసు

కోర్టువాళ్ల భాషలో అతను ‘ఆచూకీ లేని వ్యక్తి’. అన్నగారి భాషలో ‘పాపం, పోయిన మా తమ్ముడు’. భార్య భాషలో మాత్రం ‘మా ఆయన ఇంకా రాలేదు’. ఈ మూడిట్లో ఏది నిజమో తేల్చే పని వాకబమ్మ నెత్తిన పడింది.

వాకబమ్మ అసలు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు. ఆడమనిషి టెలిగ్రాఫ్ ఆఫీసులో ఉద్యోగం చేస్తేనే జనం కిటికీ దగ్గర గుమిగూడి చూసే ఆ రోజుల్లో, ఆమె ఏకంగా ఇంటి గుమ్మానికి ‘రహస్య వాకబులు చేయబడును’ అని బోర్డు తగిలించింది. పారిపోయిన మొగుళ్లు, మాయమైన నగలు, పెళ్లికొడుకుల పాత సంగతులు ఆమె సరుకు. ఈసారి వచ్చిన సరుకు మాత్రం వేరే రకం.

అతను వంతెనలు కట్టే ఇంజనీరు. ఆరేళ్ల కిందట నదిలో స్టీమరు మునిగిన రోజు అందులో ఉన్నాడు. మిగతావాళ్లందరి లెక్కా తేలింది. అతనిది గొడుగొక్కటే దొరికింది. గొడుగుని చూసి ఏడవడం ఎంత భార్యకైనా కష్టమే. ఆవిడ ఏడవలేదు. దానికి బదులు ఏటా అతని పుట్టినరోజుకి, అతను ఎప్పుడూ వెళ్లే దుకాణంలోనే, అతని కొలతకి ఒక జత బూట్లు కుట్టించి అలమరలో పెట్టుకుంటోంది.

బూట్లు కుట్టేవాళ్లు ఒక్కొక్కరి పాదం ఆకారంలో కొయ్య చెక్కి ఉంచుకుంటారు. మనిషికి వయసు వచ్చేకొద్దీ పాదం మారుతుంది కదా. ఎముక పొడుచుకొచ్చిన చోట, ఆనెకాయ లేచిన చోట ఒక తోలు ముక్క అతికించి ఆ కొయ్యని సరిచేస్తుంటారు. కిందటి వారం వాకబమ్మ ఆ దుకాణానికి వెళ్లి ఇంజనీరుగారి కొయ్య పాదాలు చేతిలోకి తీసుకుంది. వాటి మీద తోలు ముక్కలున్నాయి. కొన్ని పాతవి, కొన్ని కొంచెం పాతవి, ఒకటి ఇంకా జిగురు వాసన పోనిది.

కాలు ఎదురుగా లేకుండా కాలిలో మార్పు ఎవరికి కనిపిస్తుంది? అంటే వచ్చాడు, కొలత ఇచ్చాడు, బతికే ఉన్నాడు. వాకబమ్మ ఆ సాయంత్రమే వెళ్లి అతని భార్యకి ఆ ముక్క చెప్పేసింది. ఆవిడ నవ్వలేదు, ఏడవలేదు. లేచి వెళ్లి, ఆరేళ్లుగా మూసి ఉన్న మేడమీది కిటికీ తెరిచింది.

ఇవాళ మధ్యాహ్నం కోర్టు. ఇల్లు అమ్ముకోవాలని తొందరపడుతున్న అన్నగారు తమ్ముణ్ణి చచ్చిపోయినట్టు ప్రకటించమని అర్జీ పెట్టుకున్నారు. భర్త ఉన్నాడో పోయాడో భార్య ప్రమాణం చేసి చెప్పాలి. వాకబమ్మ మాట పట్టుకుని ఆవిడ ‘ఉన్నాడు’ అనబోతోంది. ఎక్కడున్నాడని జడ్జిగారు అడగకుండా ఉంటారా? ఆ జవాబు రాబట్టాలని వాకబమ్మ పొద్దున్నే వానలో బయల్దేరింది.

గుమ్మంలో గొడుగు అందిస్తూ వదిన ఊరుకోలేదు.

“ఊళ్లోవాళ్ల మొగుళ్లందర్నీ వెతికి పెడతావు. నీకొకణ్ణి వెతుక్కోవచ్చుగా?”

“దొరికినవాళ్లని రోజూ చూస్తున్నాగా వదినా.”

“ఎవర్ని?”

“మా అన్నయ్యని.”

వదిన కాసేపు ఆలోచించి, “అదీ నిజమేలే, జాగ్రత్తగా వెళ్లిరా” అంది.

వీధిలో గుర్రపు ట్రాము ఎక్కాక వాకబమ్మ మొహంలో నవ్వు మెల్లగా చెరిగిపోయింది. ఒకప్పుడు రైలు స్టేషన్లో ఒక మనిషి ఆమెతో ‘వస్తాను’ అన్నాడు. ఆమె కొన్నాళ్లు చూసి, ఇక చూడటం మానేసి, బోర్డు రాయించుకుంది. అది తెలివైన పనేనని అందరూ అన్నారు. ఆమె కూడా అదే అనుకుంది. కాకపోతే, అలమరలో బూట్ల వరస చూసినప్పట్నుంచీ, తనకి ఎదురుచూడటం ఎందుకు చేతకాలేదా అన్న ఆలోచన ఒకటి కాలిలో ముల్లులా కలుక్కుమంటోంది.

బూట్లక్క దుకాణం వీధి మలుపులో ఉంది. లోపలికి అడుగు పెడితే తోలు వాసన, మైనం వాసన, మూల కుంపటి మీద ఉడికే జిగురు వాసన. దూలాలకి వరసగా మేకులు, మేకుకో జత కొయ్య పాదాలు. ఊరి పెద్దలందరూ అక్కడ తలకిందులుగా వేలాడుతున్నట్టు ఉంటుంది. జడ్జిగారి పాదాలూ, ఆయన జైలుకి పంపిన పెద్దమనిషి పాదాలూ పక్కపక్కనే. బయట మొహాలు చూసుకోని ఇద్దరూ ఇక్కడ గాలి వీచినప్పుడల్లా ఒకరికొకరు తగులుకుంటూ ఉంటారు.

బూట్లక్క నలభైకి దగ్గరపడిన మనిషి. తండ్రి పోయాక దుకాణం తనే నడుపుతోంది. నోట్లో చిన్న మేకులు పెట్టుకుని పని చేస్తుంది. అందువల్లే తక్కువ మాట్లాడుతుందని కొందరంటారు. మాట్లాడాల్సి వస్తుందనే మేకులు పెట్టుకుంటుందని వాకబమ్మ అనుమానం.

“ఆ మేకులు తీసెయ్యమ్మా. నీతో పనుంది” అంది వాకబమ్మ గొడుగు మూలన ఆనించి.

బూట్లక్క ఒక్కొక్క మేకే తీసి డబ్బాలో వేసింది. ఎంత నెమ్మదిగా తీసిందంటే, నోట్లో ఇంకో వంద ఉంటే బాగుండునని ఆమె కోరుకుంటున్నట్టు తెలిసిపోయింది.

వాకబమ్మ దూలం మీది నుంచి ఇంజనీరుగారి పాదాలు దించి బల్ల మీద పెట్టింది.

“ఎప్పుడొచ్చాడు?”

“ఎవరండీ?”

“ఈ కాళ్లాయన.”

“మీకు తెలుసుగా అమ్మగారూ. ఆరేళ్ల నుంచీ లేరు.”

“ఆయన లేకపోతే ఆయన కాలికి ఎముక ఎలా పెరిగింది? చూడు. ఇది నల్లబడిన ముక్క, ఇది కాస్త తర్వాతది, ఇది మొన్న మొన్నటిది. ఎక్కడ దాచావు ఆయన్ని? చూడు, నేను పోలీసుని కాను. దాక్కున్నవాళ్లని అరెస్టు చేయను. ఆవిడ కోర్టుకి వెళ్లేలోగా ఒక్క మాట చెబితే చాలు.”

బూట్లక్క రంపె కత్తి తీసుకుని తోలు అంచు కోయడం మొదలుపెట్టింది. కత్తి ఎప్పుడూ తప్పదని ఊళ్లో పేరున్న ఆ చెయ్యి ఆ రోజు తోలుని వంకరగా కోసింది. ఇద్దరూ ఆ వంకర వైపు చూశారు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని బేకరీ యజమాని భార్య లోపలికి వచ్చింది. అడుగు వేసినప్పుడల్లా ఆవిడ బూట్లు కిర్రుమంటున్నాయి.

“విన్నావా? ఇదీ నువ్వు కుట్టిన బూటు! నేను మెట్లెక్కుతుంటేనే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతోంది. నేను వెళ్లేసరికి మా ఆయన పేపరు మడిచేసి పిండి పిసుకుతూ ఉంటాడు. ఇంతకుముందు ఎన్నిసార్లు పట్టుకునేదాన్నో!”

“ఇటివ్వండి పిన్నిగారూ. సాయంత్రానికి సరిచేస్తాను.”

“కిర్రు పూర్తిగా తీసెయ్యకు. పక్కింటికి వెళ్లేటప్పుడు ఉండాలి. చప్పుడు లేకుండా వెళితే నా గురించి వాళ్లనుకునే మాటలు నేను వినాల్సి వస్తుంది” అని చెప్పి, వదులు చెప్పులు ఒక జత అరువు తీసుకుని ఆవిడ వెళ్లిపోయింది.

దుకాణంలో వాన చప్పుడు మిగిలింది. వాకబమ్మ మళ్లీ అడగలేదు. అడగకుండా కూర్చోవడం ఆమె వృత్తిలో సగం పని.

“ఎవరూ రాలేదండీ” అంది చివరికి బూట్లక్క. “నేనే అతికించాను.”

“కాలు చూడకుండా?”

“చూడకుండానే.”

“ఎందుకు?”

బూట్లక్క కొయ్య పాదాన్ని తన వైపు తిప్పుకుంది. పసిపిల్ల కాలు పట్టుకున్నట్టు మడమ కింద అరచెయ్యి పెట్టింది.

“మొదటి ఏడాది ఆవిడొచ్చి ‘ఎప్పటిలాగే కుట్టమ్మా’ అన్నారు. కుట్టాను. కుట్టి, దీన్ని మళ్లీ మేకుకి తగిలిస్తుంటే ఏదో అయిపోయింది నాకు. దుకాణంలో ఉన్నవాళ్లందరి కాళ్లూ మారుతున్నాయి. మారనివి పోయినవాళ్ల కాళ్లే. మా నాన్న ఉన్నప్పట్నుంచీ ఒక పద్ధతి. మనిషి పోయాడని కబురొస్తే, ఆ కొయ్య మేకు మీంచి తీసి కుంపట్లో పెట్టెయ్యాలి. ఇంకొకడి కాలికి దాన్ని వాడకూడదు. ఈయన కబురు రాలేదు. అయినా కాలు మాత్రం అలాగే ఆగిపోయి ఉంది. నేనే చంపేస్తున్నట్టు అనిపించింది. అందుకని ఒక చిన్న ముక్క... కుడి బొటనవేలి మొదట్లో ఆయనకి అప్పటికే కొంచెం పొడుచుకొచ్చేది. ఏడాది నడిచుంటే ఇంకాస్త వస్తుంది కదా అని.”

“తర్వాతి ఏడాది?”

“తర్వాతి ఏడాది మడమ దగ్గర. మనిషి కాస్త బరువెక్కుంటాడనుకున్నాను. ఆ మరుసటేడు చలి ఎక్కువ. వేళ్లు వాచుంటాయనుకున్నాను.” ఆమె కొంచెం నవ్వింది. “ఒక ఏడాది ఎక్కడో బాగా రాళ్లలో తిరిగాడనిపించింది. అందుకే ఇక్కడ ఆనెకాయ. పాపం, నొప్పి ఉంటుంది.”

లేని మనిషి కాలి నొప్పికి ఆమె ‘పాపం’ అన్న తీరు విని వాకబమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

“ఆయనకి తెలుసా?”

“ఏం తెలుస్తుందండీ? ఏడాదికోసారి వచ్చేవారు. కాగితం మీద కాలు పెట్టేవారు. నేను చుట్టూ పెన్సిలు గీసేదాన్ని. అరికాలి దగ్గరికొచ్చేసరికి చక్కిలిగిలి పుట్టి నవ్వేవారు. ప్రతిసారీ, అదే చోట. ‘సారీ అండీ, మీ గీత పాడు చేశాను’ అనేవారు. అంతే. ఊళ్లో అంత చదువుకున్నాయన నన్ను ‘అండీ’ అనేవారు. ఆ ఒక్క నవ్వుతో నాకు ఏడాది గడిచిపోయేది.”

“పెళ్లయినవాడు కదా” అంది వాకబమ్మ. తిట్టినట్టు కాదు, గుర్తు చేసినట్టు.

“నాకు తెలీదా? ఆవిడ పాదాలూ అక్కడే ఉన్నాయి చూడండి, ఆయన పక్క మేకుకి. చిన్న కాళ్లు, మంచి కాళ్లు. వాటికి ఎప్పుడూ కొలత తప్పలేదు నేను.”

వాకబమ్మ లేచి దుకాణంలో అటూ ఇటూ నడిచింది. కిందటి వారం తను కట్టిన తర్కమంతా మళ్లీ ఒకసారి విప్పి చూసుకుంది. ముక్కలున్నాయి, కాబట్టి కాలుంది. కాలుంది, కాబట్టి మనిషున్నాడు. ఒక్క చోట కూడా దారం తప్పలేదు. కాకపోతే, మనిషి లేకుండా కూడా కాలిని పెంచి పెద్ద చేసేవాళ్లుంటారన్నది ఆమె లెక్కలోకి రాలేదు. ఎదురుచూడటం తెలిసినవాళ్లకి అదే మొదట తట్టేది. ఆ విద్య ఆమెకి రాదు కదా.

“నా మాట నమ్మి ఆవిడ కోర్టులో ప్రమాణం చేయబోతోంది” అంది. “ఇది తప్పని తేలితే అబద్ధపు సాక్ష్యం కింద ఆవిడ మీదే కేసవుతుంది. వెళ్లి చెప్పాలి.”

బూట్లక్క మొహం తెల్లబోయింది. “చెబితే ఆవిడ పోయాడంటారు. పోయాడంటే నేను దీన్ని...” కుంపటి వైపు చూసి ఆగిపోయింది. కాసేపటికి, “పోనీ, నా సంగతి ఎత్తకుండా చెప్పండి అమ్మగారూ. ఆవిడ మొహం నేను మళ్లీ చూడాలి కదా” అంది.

“నీ సంగతి ఎత్తకుండా ఎలా? ఈ ముక్కలు ఎవరు అతికించారని చెప్పను? చెదపురుగులా?”

బూట్లక్క నవ్వబోయి, నవ్వలేక, డబ్బాలోంచి మేకులు తీసి మళ్లీ నోట్లో పెట్టుకుంది.

*

ఇంజనీరుగారి ఇంటి వసారాలో అన్నగారు గడియారం తీసి చూడటం, మూయడం, మళ్లీ తీయడం చేస్తున్నారు. ఆయన మనిషీ పెద్ద, కాళ్లూ పెద్ద. మొదటి ఏడాది బూట్లు ఊరికే పాడవుతున్నాయని తొడుక్కోబోతే సగం పాదం దగ్గరే ఆగిపోయింది. అప్పట్నుంచీ ఆయనకి ఆ అలమర అంటే గిట్టదు.

“మళ్లీ వచ్చారా? ఇవాళేం కనిపెట్టారు? మా తమ్ముడు టోపీ కూడా పెట్టుకుంటున్నాడా?”

“మీ మరదలుగారితో ఒక్క మాట” అని వాకబమ్మ ముందు గదిలోకి వెళ్లింది.

ఆవిడ కోర్టుకి తయారై కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, పరీక్షకి వచ్చిన పిల్లలా. వాకబమ్మ తలుపు దగ్గరికి వేసి, నిలబడే అంతా చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ అందంగా చేయలేదు. కొయ్య, తోలు ముక్కలు, పెన్సిలు, నవ్వు, కుంపటి. చివర్న, “నేను పొరపడ్డాను. ఆయన బతికున్నాడనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు” అంది.



“అదే చోట నవ్వేవారా?” అంది ఆవిడ.

“అలాగే చెప్పింది.”

“కుడికాలు అయ్యుంటుంది. ఎడమకాలికి అంత చక్కిలిగిలి లేదు ఆయనకి.” ఆవిడ గొంతులో కోపం కోసం వాకబమ్మ వెతికింది. దొరకలేదు. “నాకు కొంచెం తెలుసండీ. ఏటా బూట్లు పెట్టెలో పెట్టి ఇచ్చేముందు, ఆమె ఒకసారి లోపల చెయ్యి పెట్టి చూసేది. మేకు మొన తేలిందేమో చూస్తోందనుకునేదాన్ని మొదట్లో. ఇంటికొచ్చాక నేనూ అదే పని చేసేదాన్ని. రోజూ పొద్దున అలమర తెరిచి, ఒక్కో బూటులో చెయ్యి పెట్టి చూడటం. చల్లగా ఉండేవి. మూసేసేదాన్ని. మొన్న మీరు ఆ మాట చెప్పాక మానేశాను. మనిషే వస్తుంటే ఇంక బూట్లతో పనేముందని.”

“కోర్టులో ఏం చెబుతారు?”

“మీరు చెప్పండి, ఏం చెప్పను? ఉన్నాడంటే అబద్ధం. పోయాడంటే అక్కడొక మనిషి కొయ్యని నిప్పులో పెట్టుకోవాలి.” ఆవిడ లేచింది. “ఒక్క నిమిషం మేడ మీదికి రండి. ఈ ఏడాది జత ఆమెకిచ్చెయ్యండి. చూస్తూ కూర్చోవడానికి ఒకటైనా ఉండాలిగా. నా దగ్గర ఇంకా అయిదున్నాయి.”

మెట్లెక్కుతూ వాకబమ్మ ఆవిడ వెనక నడిచింది. ఇలాంటి పంపకం ఏ కోర్టూ చేయలేదు. తన బోర్డు మీద ‘వాకబులు’ అన్న మాట మొదటిసారి చాలా చిన్నదిగా అనిపించింది.

మేడ మీది గదిలో కిటికీ బార్లా తెరిచి ఉంది. వాన జల్లు లోపలికి కొట్టి దాని కింద గచ్చు తడిసింది. ఆవిడ అలమర తెరిచింది. ఆరు జతలు, మొదటి ఏడాది నుంచి ఈ ఏడాది దాకా, వరసగా. చివరి జత చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ కుడి బూటులో చెయ్యి పెట్టింది.

పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

“ఏమైంది?” అంది వాకబమ్మ.

ఆవిడ బూటు ఆమెకి అందించింది. బరువుగా ఉంది. అడుగున తడి మట్టి. వాకబమ్మ లోపల చెయ్యి పెట్టింది. చెమ్మగా, వెచ్చగా ఉంది. ఇప్పుడిప్పుడే ఒక కాలు బయటికి వచ్చినంత వెచ్చగా.

ఆమె అలమర వైపు చూసింది. మిగతా అయిదు జతల లేసులూ విప్పి ఉన్నాయి. ఎవరో మొదటి ఏడాది బూటు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ తొడిగి చూసుకున్నారు. ఏదీ పట్టలేదు. చివరిది పట్టింది, దానితోనే వానలో తిరిగొచ్చారు. బూట్లక్క ఏ కాలూ చూడకుండా, ఊహించి ఊహించి, ముక్క మీద ముక్క అతికించి కుట్టినది.

కిటికీ కింద నుంచి జల్లు తడి. అలమర దగ్గర్నుంచి ఇంకో తడి. వట్టి పాదాల గుర్తులు, గది దాటి, లోపలి గది గుమ్మం దాకా. అది ఇంజనీరుగారు వంతెనల గీతలు గీసుకునే గది. ఆరేళ్లుగా ఆ తలుపుకి బయట గడియ వేసి ఉంటుందని కిందటి వారం ఆవిడే చెప్పింది. ఇప్పుడు ఆ గడియ తీసి ఉంది.

ఆవిడ నడిచి వెళ్లి తలుపు మీద అరచెయ్యి ఆనించింది. తోయలేదు. పిలవలేదు. ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషి ఇంకొక్క క్షణం చూడగలదన్నట్టు నిలబడింది.

“అమ్మాయ్!” కింద నుంచి అన్నగారి గొంతు. “బండొచ్చింది! జడ్జిగారు మన కోసం కూర్చోరు!”

తలుపు అవతల, చప్పుడు కాకూడదని ఎంతో జాగ్రత్తపడుతూ, ఎవరో లోపలి గడియ వేశారు.